కోటు మీద పాలిష్ మరక

జూన్ 3

గెలిచాను. ఈ మాట ఒక్కటీ ఒక వాక్యంగా రాసుకోవాలని ఎన్నేళ్ళ కోరికో!

మధ్యాహ్నం ఎమర్జెన్సీకి కారు ప్రమాదం కేసు వచ్చింది. డ్రైవింగ్ స్కూల్ మాస్టారు. పక్క సీట్లో కూర్చుని, కాళ్ళ దగ్గర రెండో బ్రేకు పెట్టుకుని, ఊరందరికీ బండి నేర్పే మనిషి. ఇవాళ స్టీరింగ్ దగ్గర ఉన్నది ఆయన భార్య. ఇన్నేళ్ళకి ఆవిడ వంతు వచ్చింది. ఆగి ఉన్న వ్యాను వెనకభాగానికి గుద్దేసింది. మాస్టారి కుడి మోకాలు డాష్‌బోర్డుకి కొట్టుకుంది.

మోకాలు చిట్లి నెత్తురు కారుతుంటే అందరి కళ్ళూ దాని మీదే. కుట్ల సామాను కూడా వచ్చేసింది. నేను దుప్పటి లాగేసి రెండు కాళ్ళూ పక్కపక్కన చూశాను. కుడికాలు పొట్టిగా ఉంది. లోపలికి తిరిగి ఎడమ తొడ మీదికి ఒరిగింది. డాష్‌బోర్డు మోకాలిని గుద్దితే ఆ దెబ్బ తొడ ఎముక వెంట పాక్కుంటూ వెళ్ళి తుంటిలో తేలుతుంది. "మోకాలు ఆగుతుంది, ముందు తుంటికి ఎక్స్‌రే" అన్నాను. అనుకున్నదే. తొడ ఎముక తల తుంటి గిన్నెలోంచి వెనక్కి జారిపోయింది. జారుతూ గిన్నె అంచుకి కొట్టుకుని తలలో ఒక పెచ్చు ఊడింది. ఆ తల కింద ఎముక మెడ కూడా విరిగి ఉంటే లాగడం మరో విధ్వంసం. విరగలేదని రెండుసార్లు చూసి రూఢి చేసుకున్నాను.

తల బయట ఉన్నంతసేపూ దానికి నెత్తురు సరిగా అందదు. ఎముక లోలోపల చావడం మొదలుపెడుతుంది. ఆ చావు ఇవాళ కనబడదు. ఏడాదికో రెండేళ్ళకో మనిషి కుంటడం మొదలెట్టాక కనబడుతుంది. అప్పటికి ఎవరినీ నిలదీసే పని ఉండదు. అందుకే కాబోలు మా ఆసుపత్రిలో ఆ ఆనవాయితీ అంత హాయిగా బతికింది. ఎముకల విభాగం వాళ్ళు వచ్చేదాకా ఎవరూ కాలు ముట్టకూడదు! వాళ్ళు ఆపరేషన్లో ఉంటారు, మీటింగులో ఉంటారు, దారిలో ఉంటారు. రోగి మాత్రం మా బల్ల మీద ఉంటాడు. "కాలు ఎవరి సొత్తు?" అని కరపత్రం రాసి పంచాను. డాక్టర్ల సంఘం సమావేశాల్లో గొంతు పోయేలా అరిచాను. ఎముకల విభాగం పెద్దని, అంటే చాటున అందరూ సుత్తి అని పిలిచే ఆ మహానుభావుణ్ణి, "జవాబు చెప్పని కుర్చీ" అని అచ్చులో తిట్టాను. చివరికి పోయిన నెల దిగొచ్చాడు. "సరే, ప్రయోగంగా జారిన తుంటిని మీరే లాగండి. ఎలా ఉందో చూసి తర్వాత మాట్లాడదాం."

ఆ ప్రయోగంలో మొదటి కాలు ఇది.

మత్తు డాక్టరు మత్తిచ్చాడు. పెద్ద సిస్టర్ నడుము బల్లకేసి అదిమిపట్టింది. నేను స్ట్రెచర్ మీద ఒక కాలు మోపి, నా మోకాలు ఆయన మోకాలి కింద దూర్చి, ఆయన చీలమండ కిందికి నొక్కుతూ, నా మడమ లేపి తొడని పైకి ఎత్తాను. లోపల 'ఠక్' మంది. ఆ చప్పుడు చెవికంటే ముందు చేతికి తెలుస్తుంది.

"కూచుంది మేడమ్!" అంది పెద్ద సిస్టర్, తన మేనల్లుడు పరీక్ష పాసైనట్టు.

మాస్టారి బూట్లు నల్లగా అద్దంలా మెరుస్తాయి. ఆ పాలిష్ అంతా నా తెల్లకోటు అంచున అరచేతంత మరకై కూచుంది. ఇంటికొచ్చేసరికి మా ఆయన చూసి, "ఏం కామ్రేడ్, ఎవరైనా తన్నారా?" అన్నాడు.

"ఇది పతకం" అన్నాను.


జూన్ 4

స్కాన్ చూశాం. ఊడిన పెచ్చు మూతలా వెళ్ళి తన చోట తాను కూర్చుంది. కీలులో అడ్డంగా ఏ ముక్కా ఇరుక్కోలేదు. ఆపరేషన్ అక్కర్లేదు, కొన్ని వారాలు ఆ కాలి మీద బరువు మోపకుండా ఉంటే చాలు. సుత్తి అంతటివాడు వార్డుకొచ్చి, "బాగానే కూచోబెట్టావమ్మా" అన్నాడు. ఆ ముక్క అనడానికి ఆయనకి పన్ను పీకినంత పనైంది.

తర్వాత పాదాల దగ్గర దుప్పటి ఎత్తాడు.

"మాస్టారూ, పాదం మీ మొహం వైపు ఎత్తండి."

ఎత్తలేదు. వేళ్ళు కూడా లేవలేదు. పాదం వాలిపోయి ఉంది.

తుంటి కీలుకి సరిగ్గా వెనక నుంచి కాలిలోకి లావుపాటి నరం దిగుతుంది. తల వెనక్కి జారినప్పుడు దాన్ని నొక్కేయవచ్చు. లోపలికి లాగేటప్పుడూ అది నలగవచ్చు.

"లాగకముందు ఎలా ఉంది?" అన్నాడు నా వైపు తిరిగి.

"ముందు నుంచీ ఇంతే సార్. వచ్చినప్పుడే కదల్లేదు."

వెంటనే అన్నాను. తడుముకోలేదు.

మాస్టారి భార్య మంచం పక్కనే ఉంది. చేతిలో గ్లాసు కింద పెట్టడానికి చోటు కోసం చాలాసేపు వెతికింది.


జూన్ 5

చూశాను. చూసే ఉంటాను. కాలు లాగే ముందు పాదం చూడటం నాకు తలుపు తీసే ముందు గడియ తీయడం లాంటిది. గడియ తీశానా అని ఎవరైనా గుర్తు పెట్టుకుంటారా?


జూన్ 6

ప్రశాంతంగా ఆలోచిస్తే:

ఇలాంటి తుంటి దెబ్బల్లో నరం దెబ్బతినడం కొత్త కాదు. ఎక్కువసార్లు గుద్దుకున్నప్పుడే జరుగుతుంది. తల ఎంతసేపు బయట ఉంటే నరం అంతసేపు సాగి నలుగుతుంది. నేను త్వరగా లాగాను. అంటే నరానికి మేలే చేశాను. అంటే పాదం అంతకుముందు ఎలా ఉందన్న ప్రశ్నకి వైద్యపరంగా ఇప్పుడు విలువ లేదు. ఎలా ఉన్నా లాగాల్సిందే కదా.

ఇక రెండో సంగతి. "చూడలేదు" అని నేను అంటే సుత్తికి అంతకంటే పండగ లేదు. ప్రయోగం మూతపడుతుంది. తుంటి జారిన వాళ్ళంతా మళ్ళీ మా బల్లల మీద ఎవరి కోసమో ఎదురుచూస్తూ పడి ఉంటారు. ఒక్క మాట కోసం అంతమంది కాళ్ళు పణంగా పెట్టాలా?

(ఈ వాదన ఎక్కడో విన్నాను. పై అధికారులు ఏదైనా కప్పెట్టేటప్పుడు అచ్చం ఇలాగే మొదలుపెడతారు. కానీ వాళ్ళు కప్పెట్టేది కుర్చీ కోసం. ఇది అది కాదు.)

పెద్ద సిస్టర్‌ని అడిగాను. "మనం పాదం చూశాం కదా సిస్టర్?"

ఆవిడ సెలైన్ సీసా మారుస్తూ, "మీరు చూశానంటే చూసినట్టే మేడమ్" అంది.

నా కోసం ప్రాణం పెట్టే మనిషి. ఆ మాట వింటే ఊరట కలగాలి.


జూన్ 8

ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో తేల్చుకోవాలి.

వార్డుకి వెళ్ళేసరికి మాస్టారి అక్క వచ్చి ఉంది. మంచం పక్కన కుర్చీలో ఆవిడ, కిటికీ దగ్గర నిలబడి మాస్టారి భార్య. మాస్టారు మధ్యలో పడుకుని ట్రాఫిక్ పోలీసులా ఇద్దరినీ సర్దుతున్నాడు.

"వయసులో ఉన్నప్పుడే నేర్చుకోనిది ఇప్పుడు స్టీరింగ్ ఎందుకమ్మా నీకు? ఎక్కడికి పోవాలని?" అంటోంది అక్క.

"అక్కా, వదిలెయ్. వ్యాను వాడు కూడా లైటు వెయ్యకుండా ఆపాడు."

"నువ్వు నోర్ముయ్. రేపణ్ణించి బ్రేకు దేంతో తొక్కుతావు, నోటితోనా?"

"నోటితోనే కదే ఇన్నేళ్ళూ తొక్కింది. నేను అరిచిన అరుపులకే సగం బళ్ళు ఆగాయి." ఆయన నన్ను చూసి, "రండి డాక్టరుగారూ, మీరైనా చెప్పండి" అన్నాడు.

మాస్టారి భార్య నా వైపు తిరగలేదు. "నేనింక బండి ముట్టనండీ. నా వల్ల కాదు. ముట్టిన ఒక్కసారికే మనిషి పాదం తీసేశాను."

నాకు పూనకం వచ్చేసింది. ఒక్క ప్రమాదానికి ఆడవాళ్ళు రోడ్డు వదిలేస్తే ఎలా అన్నాను. మగవాళ్ళు రోజుకి ఎన్ని బళ్ళు గుద్దేస్తున్నారు, ఒక్కడైనా స్టీరింగ్ వదిలాడా అన్నాను. ఇంట్లో వాళ్ళు మీ చేతిలోంచి తాళాలు లాక్కుంటే అది వేరు, మీకై మీరు తీసి ఇచ్చేయడం అంతకంటే అన్యాయం అన్నాను. చక్కగా వచ్చింది ఉపన్యాసం. పక్క మంచాల వాళ్ళు కూడా లేచి కూర్చున్నారు.

అక్క అంతా ఓపిగ్గా విని, "మీరన్నదే కదమ్మా, గుద్దినప్పుడే పాదం పోయిందని? నేనేమన్నా సొంతంగా చెప్పానా?" అంది.

ఆ తర్వాత మాస్టారి జ్వరం చూశాను. జ్వరం లేదు.


జూన్ 9

ఆదివారం. బట్టలు ఉతకడం మా ఆయన వంతు. పెరట్లోంచి కోటు పట్టుకొచ్చాడు.

"మూడోసారి రుద్దాను. పతకం వదలట్లేదు. ఇది మట్టి కాదే, పాలిష్."

"వదిలెయ్. పారేద్దాం."

"కాలు లాగేటప్పుడు బూటు విప్పరా మీరు?"

ఊరికే అడిగాడు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి, ఎముకల సంగతి ఆయనకేం తెలుసు.

"అక్కర్లేదు" అన్నాను.


జూన్ 10

బూటు.


జూన్ 11

బూటు లేస్ ముడి కూడా గుర్తొస్తోంది. రెండు ముడులు, గట్టిగా. పాదం చూసి ఉంటే బూటు విప్పి ఉండాలి. విప్పి ఉంటే కోటుకి పాలిష్ అంటి ఉండదు. చూశాక మళ్ళీ బూటు తొడిగి, రెండు ముడులు వేసి, అప్పుడు లాగే పిచ్చిది ఎవరూ ఉండరు.

చూడలేదు. రెండు కాళ్ళూ పక్కన పెట్టి పొడవు చూశాను, తుంటి చూశాను, ఎముక మెడ చూశాను. మోకాలి దగ్గరే ఆగిపోయిన వాళ్ళని లోలోపల వెక్కిరిస్తూ నేను చీలమండ దగ్గర ఆగిపోయాను. మత్తు ఎక్కాక అడిగి లాభం లేదు. అడగాల్సింది ముందే. పాదం ఎత్తండి అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ నేను తొందరలో ఉన్నాను. నరం తొందర కాదు, ఎముక తొందర కూడా కాదు. సుత్తికి ఎవరైనా ఫోన్ చేసి, అతను ఊడిపడేలోపు తుంటిని కూచోబెట్టాలన్న తొందర.

ఇప్పుడు ఆ పాదం గుద్దినప్పుడు పోయిందో, నేను లాగినప్పుడు పోయిందో ఈ భూమ్మీద ఎవరూ చెప్పలేరు. తెలుసుకునే దారి అప్పుడే మూసేశాను. మూసేసి, దాని మీద ఒక ఆడమనిషిని కూర్చోబెట్టాను.


జూన్ 12

మా ఆయనకి చెప్పాను. ఇస్త్రీ చేస్తూ విన్నాడు.

"చెప్తే నీ ప్రయోగం పోతుంది" అన్నాడు.

"పోతుంది."

"అది మంచి పనే."

"మంచి పనే. అదే కదా కడుపుమంట! తప్పుడు పని కోసం అబద్ధం ఆడినవాణ్ణి చీల్చి చెండాడగలను. మంచి పని కోసం ఆడితే?"

"నీ కరపత్రంలో దానికో పేరు పెట్టావనుకుంటా."

ఏ పేరో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. చొక్కా మడిచి పక్కన పెట్టి, "పాపం ఆవిడ తింటోందా?" అన్నాడు.


జూన్ 13

చెప్పాను.

మాస్టారి భార్యని నడవాలోకి పిలిచాను. గోడకి ఆనించిన వీల్‌చైర్ల పక్కన నిలబడి చెప్పాను. పాదం వచ్చినప్పుడే కదల్లేదని నేనన్నది నిజం కాదు, నేను చూడలేదు అని. కన్నీళ్ళు వస్తాయనుకున్నాను. క్షమాపణ కూడా కట్టగట్టి సిద్ధంగా ఉంచుకున్నాను.

ఆవిడ నా కోటు బొత్తాల వైపు చూసింది.

"అంటే నేను చెయ్యలేదా?"

"తెలీదు. మీరు గుద్దినప్పుడు పోయి ఉండొచ్చు. నేను లాగినప్పుడు పోయి ఉండొచ్చు. ముందే చూసి ఉంటే తెలిసేది."

"తెలీనిదాన్ని తెలుసని ఎందుకన్నారు?"

కారణాలు నా దగ్గర బోలెడున్నాయి. సంఘం, ఆనవాయితీ, తర్వాత రాబోయే రోగులు. ఒక్కటీ నోట్లోంచి రాలేదు. "నన్ను కాపాడుకోవడానికి" అన్నాను.

అప్పుడు తిట్టింది. గొంతు పెంచకుండానే తిట్టింది. "నాలుగు మెతుకులు దిగట్లేదండీ నాకు. ఆయన నిద్రలో కాలు చూసుకుని మూలిగితే నేను బయటికొచ్చి నిలబడుతున్నాను. మా వదిన నన్ను పురుగులా చూస్తుంటే, నిజమే కదా అని ఊరుకున్నాను. మొన్న మీరే వచ్చి బండి నడపమ్మా, భయపడకమ్మా అని మీటింగు పెట్టారు. సిగ్గనిపించలేదా?"

"ఇప్పుడనిపిస్తోంది."

"నాకు చాటుగా చెప్తే ఏం లాభం? రండి. వదిన ముందు చెప్పండి."

వెనకాలే నడిచాను. ఎన్ని సభల్లో మైకు ముందు నిలబడ్డానో, ఆ మంచాల మధ్య సందులో నడిచినంత దూరం ఎన్నడూ నడవలేదు. అక్క ముందు, మాస్టారి ముందు, పక్క మంచాల వాళ్ళ ముందు అదే మాట మళ్ళీ చెప్పాను. అక్క చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

మాస్టారు మోచేతుల మీద కొంచెం లేచాడు. "నేను కూడా గుర్తు తెచ్చుకోవాలని చూశానండీ, వేళ్ళు కదిపానా అని. నొప్పిలో ఏం గుర్తుంటుంది! బండి ఎక్కగానే ముందు అద్దం చూడు అని పిల్లలకి లక్షసార్లు చెప్తాను. చూడరు. చూశాం సార్ అంటారు." నా వైపు తిరిగాడు. "కోపం లేదని మాత్రం అననండీ. ఉంది."

"ఉండాలి" అన్నాను.


జూన్ 15

సమీక్ష సమావేశం. ఉన్నదున్నట్టు చెప్పేశాను. మొదట చూడలేదని, తర్వాత చూశానని అబద్ధమాడానని.

సుత్తి కళ్ళజోడు తీశాడు. "నన్ను జవాబు చెప్పని కుర్చీ అన్నావమ్మా. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది."

"అన్నాను. వెనక్కి తీసుకోను. అందుకే నేను జవాబు చెప్తున్నాను. నాకేం శిక్ష వేస్తారో వెయ్యండి. కానీ నేను పాదం చూడకపోతే దానికి విరుగుడు పాదం చూడటం. తుంటిని బల్ల మీద వదిలేయడం కాదు. లాగే ముందు బూటు విప్పాలి, పాదం ఎత్తమనాలి, ఎత్తాడో లేదో గదిలో అందరికీ వినబడేలా పైకి చెప్పాలి. ఎవరు లాగినా సరే. ఈ ఒక్క నియమం చేర్చండి."

"ఆలోచిద్దాం" అన్నాడు. మేం తుంటి లాగే అనుమతి ఆపేశారు. నాకు హెచ్చరిక. ఒక్క తప్పు దొరికిందో లేదో, పాత ఆనవాయితీ ఎంత ఆబగా వచ్చి కుర్చీ ఎక్కిందో!

తాళం వాళ్ళ చేతికి ఇచ్చింది నేనే. అది కూడా రాసుకోవాలి. రాశాను. అయినా ఆనవాయితీ తప్పే. రెండూ నిజాలే. వీటిలో ఒకదాన్ని అడ్డం పెట్టి రెండోదాన్ని దాచనివ్వను, వాళ్ళనీ, నన్నూ.


జూన్ 16

పెద్ద సిస్టర్ పలకరించలేదు. మధ్యాహ్నం టీ గ్లాసు నా ముందు పెట్టి, "చూడలేదని నన్ను అడిగినప్పుడే చెప్పేదాన్ని మేడమ్. మీరు అడిగిన తీరుకి భయమేసింది" అంది.


జూలై 2

మళ్ళీ తుంటి. ఈసారి ట్యాక్సీలో ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి. ముట్టుకునే హక్కు లేదు. ఎక్స్‌రే తీయించి, నొప్పి తగ్గించే మందిచ్చి, ఫోన్ల మీద ఫోన్లు చేశాను. చెప్పు విప్పి, "పాదం ఎత్తమ్మా" అన్నాను. ఎత్తింది. "రెండు పాదాలూ ఎత్తుతోంది" అని గదంతా వినబడేలా అరిచాను. మత్తు డాక్టరు ఉలిక్కిపడ్డాడు.

ఈలోపు పక్క గదిలోకి మరో తుంటి వచ్చింది. స్కూటరు మీంచి పడ్డ పోస్ట్‌మ్యాన్. అదృష్టం కొద్దీ సుత్తి అప్పుడే ఊడిపడ్డాడు. అమ్మాయిని తన జూనియర్‌కి అప్పగించి, ఇటొచ్చి పోస్ట్‌మ్యాన్ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు, చొక్కా చేతులు మడిచాడు, మత్తు సూది ఇంకా సిద్ధమవుతుండగానే బల్ల మీద కాలు మోపాడు.

"సార్" అన్నాను.

"ఏమిటి?"

నేను పోస్ట్‌మ్యాన్ పాదాల వైపు చూశాను. ఖాకీ మేజోళ్ళ మీద బూట్లు బిగించి ఉన్నాయి.

ఈ సన్నివేశం మీద ఎలాంటి కరపత్రం రాయొచ్చో తెలుసా! శీర్షిక కూడా నోట్లో ఆడింది. సుత్తి నన్ను చూశాడు, బూటును చూశాడు. మోపిన కాలు నెమ్మదిగా దించి, వంగి, తనే లేస్ విప్పడం మొదలుపెట్టాడు. ముడి చిక్కుపడింది. నేను వెళ్ళి రెండో బూటు విప్పాను.

కరపత్రం రాయను. నియమం మాత్రం వచ్చే వారం మళ్ళీ అడుగుతాను, ఆయన మొహమ్మీదే.


ఆగస్టు 21

మాస్టారు చూపించుకోవడానికి వచ్చాడు. చంకకర్రలు. తుంటి బాగుంది, ఎముక తల ఆకారం చెడలేదు. రెండేళ్ళ దాకా నమ్మకం ఇవ్వలేనని చెప్పాను. పాదం వాలిపోకుండా కాలికి ప్లాస్టిక్ పట్టీ వేసుకుంటున్నాడు. అది విప్పాను.

"ఎత్తండి."

"ఎత్తుతున్నానండీ."

వంగి చూశాను. పాదం కదల్లేదు. బొటనవేలు ఒక్కసారి వణికినట్టు అనిపించింది. బల్ల కదిలిందో, నా కన్ను కదిలిందో.

"లేచిందా?"

లేచిందని అంటే ఆ మనిషి ఇవాళ హాయిగా నిద్రపోతాడు.

"లేదండీ. నాకు కనబడలేదు."

"నాకైతే ఏదో తెలుస్తోంది."

"తెలుస్తోందని మీరన్నారని చెప్తాను. నేను చూశానని చెప్పను."

ఆయన నవ్వాడు. నవ్వులో సగం ఇంకా కోపం.

తలుపు తోసుకుని ఆయన భార్య లోపలికి తొంగిచూసింది. వేలికి తాళాలు వేలాడుతున్నాయి. నాతో మాట్లాడలేదు. నాతో ఇంకా మాట్లాడదు.

"కానివ్వండి తొందరగా" అంది మాస్టారితో. "అంబులెన్సు దారికి అడ్డంగా పెట్టాను బండి. ఈసారి వెనక సీట్లో కూచుని నోరు మూసుకుంటే ఇల్లు చేరతాం."